పెద్దసారు మాట పూర్తయ్యేదాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను పదకొండేళ్లుగా మేనేజరుగా పనిచేస్తున్నాను. ఫిబ్రవరి నుంచి మే దాకా ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి మిర్చి బస్తాలతో ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. ఆనాటి వేలం పాటలో పలికిన ధర నచ్చని రైతు సరుకును మా దగ్గర పెట్టి బాండు, అంటే నిల్వ పత్రం, తీసుకుంటాడు, ధర లేచిందని తెలిసిన రోజు వచ్చి బస్తాలు విడిపించుకుంటాడు. లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కినా కౌంటర్ దగ్గర పని ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తుంది. అలాంటి కౌంటర్‌లో 22 ఏళ్లు కూర్చున్న మా పెద్ద గుమస్తాకు ఉన్నట్టుండి గొంతు లేకుండా పోయింది. మేమంతా ఆయనను పెద్దసారు అని పిలుస్తాం, ఇక్కడా అలాగే రాస్తాను. ఆయన తిరిగి పనిలోకి వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో మేము ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో ఆయనను అడిగి, ఆయన సరేనన్నాకే రాస్తున్నాను.

మొదట ఆయన గొంతు బొంగురుపోయింది. మిర్చి ఘాటులో పనిచేసేవాళ్లకు అది కొత్త కాదు కాబట్టి ఆయనా పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. మూడు వారాలు దాటినా తగ్గని బొంగురును తప్పకుండా డాక్టరుకు చూపించుకోవాలని ఇప్పుడు మా దగ్గర పనిచేసే ప్రతి హమాలీకీ చెబుతున్నాను. పరీక్షలు చేస్తే స్వరపేటికలో క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటికను పూర్తిగా తీసేశారు, తరువాత రేడియేషన్ ఇచ్చారు. ఈ ఆపరేషన్‌లో శ్వాసనాళాన్ని మెడ ముందు భాగంలో చేసిన రంధ్రానికి కలుపుతారు. అప్పటి నుంచి ఊపిరి ముక్కుతో కాకుండా ఆ రంధ్రం నుంచే ఆడుతుంది. ఊపిరితిత్తుల గాలి నోటిలోకి రాదు కనుక గొంతు రాదు సరికదా, గుసగుస కూడా రాదు.

మా యజమాని చెడ్డవాడు కాదు. ఆరు నెలల జీతం ఇచ్చి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమందామని అన్నారు. ఆ మాట చెప్పడానికి నేనే పెద్దసారు ఇంటికి వెళ్లాను. ఆయన అంతా విని, మనవడి నోటుపుస్తకం తీసుకొని ఒక్క వాక్యం రాశారు: ‘నా కుర్చీ ఎవరికిచ్చిండ్రు?’ ఎవరికీ ఇవ్వలేదని చెప్పాను. ‘అయితే సోమవారం వస్త’ అని కింద రాశారు.

ఆ వారం నేను మొదటిసారిగా దివ్యాంగుల హక్కుల చట్టం చదివాను. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, మాట పోవడం అందులో లేదు. 2016 చట్టం వాటిని 21కి పెంచి, స్వరపేటిక తొలగింపు వల్ల మాట కోల్పోవడాన్ని కూడా స్పష్టంగా పేర్కొన్నది. సంభాషణ అంటే నోటిమాట ఒక్కటే కాదని, సైగ భాష, బ్రెయిలీ, తెర మీది అక్షరాలు, మాటకు బదులుగా లేదా తోడుగా వాడే ఇతర పద్ధతులు అన్నీ సంభాషణేనని దాని నిర్వచనాల్లోనే ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ చెప్పే సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. మాలాంటి ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 2017 నిబంధనల ప్రకారం 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉద్యోగులున్నచోట ఆ విధానంలో సహాయక పరికరాల ఏర్పాటు గురించి రాయాలి, ఒక సంధాన అధికారిని (లైజన్ ఆఫీసరును) నియమించాలి. మా దగ్గర 26 మంది ఉన్నాం. అటువంటి కాగితం ఒకటి ఉండాలని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. నేను ఆ పేజీలు ప్రింటు తీసి యజమానికి ఇచ్చాను. ఆయన చదివి, ‘ప్రభుత్వం తీసెయ్యొద్దన్నోణ్ని మనం తీసేసుడు బాగుంటదా?’ అని మాత్రం అన్నారు.

సోమవారం పెద్దసారు వచ్చారు. అందరం మాట గురించే ఆలోచించి, ఊపిరి సంగతి మరిచిపోయాము. మన ముక్కు చేసే పని మనకు తెలియదు. గాలిని వెచ్చబరిచి, తడి చేసి, దుమ్మును ఆపి లోపలికి పంపేది ముక్కే. మెడలోని రంధ్రానికి ఆ కాపలా లేదు. తేజ మిర్చి బస్తాలు దించుతుంటే లేచే ఘాటు నేరుగా ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయింది. పది నిమిషాల్లో ఆయన దగ్గుతూ బయటికి పరుగెత్తారు. ఆ దగ్గుకు కూడా చప్పుడు లేదు. భుజాలు అదురుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, మెడ దగ్గర గాలి మాత్రం బుసలు కొడుతోంది. ఆ దృశ్యం చూశాక కౌంటర్‌ను బస్తాలు దించే చోటు నుంచి మార్చి, ఆఫీసు వైపు గోడకు ఆనించి అద్దాల గది కట్టించాము. గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టించాము. 32,000 రూపాయలు ఖర్చయింది. ఆయన మెడకు తడి గుడ్డ కట్టుకొని కూర్చుంటారు, గంటకోసారి ఆ గుడ్డ మార్చుకుంటారు. రైతు అద్దంలోని కిటికీ దగ్గరికి వచ్చి మాట్లాడతాడు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి వాసన చూసి, లోపల తేమ ఉందో లేదో చెప్పడంలో ఈ చుట్టుపక్కల అప్పట్లో ఆయనను మించినవాడు లేడు. ముక్కు గుండా గాలి ఆడకపోతే వాసన కూడా దాదాపు పోతుంది. గొంతు పోయిందని ఆయన ఏడవగా నేను చూడలేదు. మొదటి వారంలో ఒక గుప్పెడు చపాటా రకం మిర్చి కాయలు ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు అలాగే నిలబడిన రోజు మాత్రం కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు కాయ విరిచి, వేళ్ల మధ్య నలిపి తేమను చెబుతారు.

ఆయనకు మొదట ఇచ్చిన పరికరం ఎలక్ట్రోలారింక్స్. చేతి టార్చిలైటంత ఉంటుంది. దాన్ని దవడ కింద మెత్తగా ఉన్నచోట ఆనించి బటన్ నొక్కితే అది అదురుతుంది, ఆ అదురును నోటితో మాటలుగా మలచుకోవాలి. రేడియేషన్ తరువాత మెడ చర్మం గట్టిపడింది కనుక సరైన చోటు దొరకడానికే ఆయనకు రెండు నెలలు పట్టింది. ఆ శబ్దం ఎప్పుడూ ఒకే స్థాయిలో మోగుతుంది కాబట్టి క, త, ప లాంటి పరుషాలు గ, ద, బ లాంటి సరళాలుగా వినబడతాయి. ‘పాత బాకీ’ అన్నది ‘బాద బాగీ’ అన్నట్టు చెవిన పడుతుంది. వారం రోజులు పక్కన కూర్చున్నవాళ్లకు బాగానే అర్థమవుతుంది, సీజన్‌కు ఒకసారి వచ్చే రైతుకు అర్థం కాదు. కంప్రెసర్లు నడిచే గది దగ్గరైతే ఆ రెండు మోతలూ కలిసిపోయి ఎవరికీ ఏమీ వినిపించదు. ఫోన్లో మరీ కష్టమైంది. ఆయన ‘హలో’ అనగానే కంపెనీల రికార్డు కాల్ అనుకొని అవతలివాళ్లు పెట్టేసేవారు. ఆహార నాళానికీ శ్వాసనాళానికీ మధ్య చిన్న వాల్వు పెట్టించుకొని మాట్లాడే పద్ధతి కూడా ఉంది. బెంగళూరుకు చెందిన డాక్టర్ విశాల్ రావు అలాంటి పరికరాన్ని 50 రూపాయలకే తయారుచేసిన సంగతి నేను చదివి ఆయనకు చెప్పాను కూడా. కానీ ఆయన పరిస్థితిలో అది వద్దని డాక్టర్లు అన్నారు.

అందుకని రెండో దారి వెతికాము. ఆయన ఫోన్లోనే తెలుగులో టైపు చేస్తే బయటికి చదివి వినిపించే సౌకర్యం ఉంది. దానికి ఒక చిన్న స్పీకరు కలిపి అద్దంలోని కిటికీ దగ్గర పెట్టాము. తెర చూపిస్తే సరిపోదా అని కొందరు అడిగారు. మా దగ్గరికి వచ్చే పెద్ద వయసు రైతుల్లో చాలామంది చదవలేరు, వారికి మాట వినిపించాల్సిందే.

తెలుగు టైపు చేయడం ఎంత ఓపిక అడిగే పనో నాకు ఆయన పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది. ‘మిర్చి’ అనే రెండక్షరాల మాటకు మ, గుడి, ర, పొల్లు, చ, మళ్లీ గుడి, మొత్తం ఆరు నొక్కులు. ‘బస్తాలు’ ఏడు. అరవైకి దగ్గరపడిన వేళ్లతో ఒక చిన్న వాక్యం పూర్తయ్యేసరికి నిమిషం దాటుతుంది. అందుకే రోజూ వాడే వాక్యాలను ముందే రాసి దాచుకున్నారు. ఫోను గొంతు పుస్తకాల తెలుగు మాట్లాడుతుందని ఆయనకు నచ్చలేదు. తన వాక్యాలన్నీ తన మాటలోనే రాసుకున్నారు. అందులో మొట్టమొదటిది నాకు కంఠతా వచ్చు: ‘జర ఆగు బిడ్డా, నేను రాస్తున్న, మాట వస్తది.’ తరువాతివి బాండు నంబరు అడిగేది, బస్తాలు ఏ చాంబరులో, అంటే ఏ చల్లగదిలో, ఉన్నాయో చెప్పేది, కిరాయి బాకీ చెప్పేది. ‘పైలంగ పోయిరా’ అన్నది కూడా ఉంది. ఆ చివరి వాక్యం విని మొదటిసారి ఒక ముసలమ్మ ఫోనుకు కాకుండా ఆయనకు దండం పెట్టింది.

ఇక నేను చేసిన తప్పు. మార్చిలో ఒక శుక్రవారం, కిటికీ దగ్గర పదిహేను మంది వరుసలో ఉన్నారు. ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చిన ఒక తాత తన 32 బస్తాలను ఎప్పుడు విడిపించుకోవాలని అడిగాడు. పెద్దసారు టైపు చేయడం మొదలుపెట్టారు. వెనుక ఉన్నవాళ్లు తొందర పెడుతున్నారు. గేటుపాసుల మీద సంతకాలు పెడుతూ వెనుక నిలబడ్డ నాకు తెర మీద ‘రేపు’ అనే మాట కనిపించింది. ‘రేపు రమ్మంటున్నరు తాతా’ అని నేనే చెప్పేశాను. తాత బాండు మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. పెద్దసారు తల ఎత్తి నా వైపు చూసి, మళ్లీ దించుకొని టైపు పూర్తిచేశారు. అప్పటికే కిటికీలో ఇంకో మనిషి నిలబడ్డాడు. ఫోను ఆ వాక్యాన్ని ఎవరికీ కాకుండా చదివింది: ‘రేపు, ఎల్లుండి మార్కెట్ బందు. సోమవారం పొద్దుగాల్నే రా.’

తాత శనివారం వచ్చాడు. నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం, పైగా రెండు బస్సులు. యార్డుకు సెలవని తెలిసి కిటికీ దగ్గరికి వచ్చి, ‘నువ్వే గదా సారూ రేపు రమ్మన్నది’ అని పెద్దసారును నిలదీశాడు. పెద్దసారు నా వైపు వేలు చూపించవచ్చు. చూపించలేదు. నేనే బయటికి వెళ్లి, ‘తాతా, రమ్మన్నది నేను. ఆయన చెప్పింది వేరే, నేనే మధ్యల అందుకున్న’ అని ఒప్పుకున్నాను. బస్సు కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సాయంత్రం పెద్దసారు నాకు ఒక మెసేజ్ పంపారు. ఎప్పుడో టైపు చేసి పెట్టుకున్నట్టుంది, ఒక్క తప్పు కూడా లేదు: ‘సార్, ఆపరేషన్ల గొంతు ఒక్కసారే పోయింది. ఎవరన్నా నా మాట అందుకున్నప్పుడల్లా ఇంకోసారి పోతది.’

ఆ మెసేజ్ తరువాత మేము పని తీరునే మార్చాము. ఆయన టైపు చేస్తున్నంతసేపు ఎవరూ తెర వైపు తొంగిచూడరు, ఆయన ముఖం వైపు చూస్తారు. సగం మాట చూసి ఊహించడం పూర్తిగా మానేశాము. మరీ తొందరైతే అవును, కాదు అని తల ఊపి చెప్పగలిగే ప్రశ్న అడుగుతాము, అదీ ఆయన ఒప్పుకుంటేనే. ఫోనును ఆయన చేతిలోంచి తీసుకోకూడదు, పక్కకు జరపకూడదు. మాట్లాడే మనిషి నోటి మీద చెయ్యి పెట్టడం ఎంత తప్పో అదీ అంతే తప్పని నేను హమాలీలకు చెప్పినప్పుడు వాళ్లు వెంటనే అర్థం చేసుకున్నారు. ఆఫీసువాళ్లకే సమయం పట్టింది. నెలవారీ సమావేశంలో ఏం మాట్లాడబోతున్నామో ముందు రోజే కాగితం మీద ఇస్తున్నాము. అంతకుముందు సమావేశాల్లో ఆయన టైపు పూర్తిచేసేలోగా మేము మూడో విషయానికి వెళ్లిపోయేవాళ్లం, ఆయనకు అభిప్రాయం లేదని అనుకునేవాళ్లం. కాగితం ముందే ఇచ్చిన మొదటి నెలలోనే, బాండు మీద లాటు నంబరుతో పాటు చాంబరు, వరుస కూడా రాస్తే రైతు వచ్చినప్పుడు వెతుకులాట తగ్గుతుందని ఆయన చెప్పారు. ఆ ఆలోచన రెండేళ్లుగా తన దగ్గర ఉందట.

పరికరాలకు కూడా కష్టాలుంటాయి. చాంబరు లోపలి చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఏప్రిల్ ఎండలో చాంబరు నుంచి బయటికి తేగానే తెర మీద నీటి పొర కమ్ముకొని వేలు పనిచేయదు. కరెంటు పోయిన రోజున ఛార్జింగ్ అయిపోతే ఆయన మాట ఆగిపోతుంది. అందుకని ఒక అట్ట తయారుచేయించి లామినేషన్ చేయించాము. పైన అంకెలు, చాంబర్ల పేర్లు, అవును, కాదు, కింద హల్లులు, పక్కన గుణింతపు గుర్తులు, మూలన ఒత్తు. హల్లు చూపి, గుర్తు చూపితే అక్షరం అవుతుంది. బ్యాటరీ అక్కర్లేని ఆ అట్ట ఇప్పుడు కౌంటర్‌లోనూ, గేటు దగ్గరా, చాంబర్ల బయటా వేలాడుతుంది.

నిరుడు మా దగ్గర డేటా ఎంట్రీకి ఒక అమ్మాయి చేరింది. ఆమెకు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాల మీద అదుపు సరిగా ఉండని స్థితి, ఉంది. డిగ్రీ పాసైంది. ఆమె మాట ఇంట్లోవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అర్థం కావడం కష్టం. చిన్నప్పుడు చెన్నైలో తయారైన ఆవాజ్ అనే యాప్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడేదట, ఇప్పుడు ట్యాబ్‌లో అక్షరాలతో మాట్లాడుతుంది. వేలు పక్క అక్షరం మీద పడకుండా తెర మీద గళ్లు తొలిచిన ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. ఆమె చూపుడువేలి కణుపు ఆ గడిలో దిగే వరకు కొంచెం వణుకుతుంది, దిగాక స్థిరంగా నిలుస్తుంది. పెద్దసారు దగ్గర నేర్చుకున్నదంతా ఆమె ఇంటర్వ్యూలో పనికొచ్చింది. ప్రశ్నలు ముందు రోజే పంపాను, జవాబులు సిద్ధం చేసుకొని వచ్చింది. అక్కడికక్కడ ఒక్క ప్రశ్నే అడిగాను, ఆ జవాబుకు ఆరు నిమిషాలు పట్టింది. వెంట వచ్చిన తల్లి రెండుసార్లు చెప్పబోతే, ఆమెనే చెప్పనివ్వమ్మా అని ఆపాను. ‘జీతం ఎంత అని మీరు చెప్పలేదు’ అని ట్యాబ్ పలికింది.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. ఫోనులోనూ ట్యాబ్‌లోనూ ఒకే ఆడగొంతు ఉండడంతో, గదిలో మాట వినిపిస్తే ఎవరు పిలిచారో తెలిసేది కాదు. పెద్దసారు తన ఫోనులో మగగొంతు పెట్టుకున్నారు. అన్నాళ్లూ ఆడగొంతుతోనే నెట్టుకొచ్చారు, దాన్ని మార్చుకోవచ్చని మేమెవరం ఆయనకు చెప్పలేదు. ఆ అమ్మాయే సెట్టింగులు తెరిచి మార్చి ఇచ్చింది. ఆమె ఆయనను బాపూ అంటుంది, ఆయన ఆమెను బిడ్డా అంటారు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఇద్దరూ పరికరాలు పక్కన పెట్టి అట్ట మీద వేళ్లతో మాట్లాడుకుంటారు, మాకు వినపడకుండా.

బయటివాళ్లతో మాత్రం ఇంకా తంటాలు పడుతూనే ఉన్నాము. ఒక బ్యాంకు నుంచి ఖాతా వివరాలు సరిచూసుకోవడానికి ఫోను వచ్చినప్పుడు పెద్దసారు ఫోను గొంతుతో పుట్టినతేదీ చెబితే, రికార్డు చేసిన గొంతును ఒప్పుకోబోమని చెప్పి పెట్టేశారు. నాలుగుసార్లు బ్రాంచికి తిరిగి, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ చూపించి, రాతపూర్వకంగా అడిగితే ఆ ఒక్క ఖాతాకు మాత్రం ఫోను అక్కర్లేదని రాసిచ్చారు. ఆయన ఎదురుగా కూర్చుంటే ఆ అధికారి ప్రతి ప్రశ్నా నన్ను అడిగాడు. నేను ప్రతిసారీ పెద్దసారు వైపు తిరిగి కూర్చున్నాను. నాలుగో ప్రశ్నకు గానీ అధికారి ఆయనను అడగలేదు.

సమాన అవకాశాల విధానం కాగితం ఇప్పుడు మా ఆఫీసు గోడ మీద ఉంది. సంధాన అధికారిగా యజమాని నా పేరు రాయబోతే నేను పెద్దసారు పేరు రాయించాను. కొత్తగా చేరిన ప్రతి మనిషీ మొదటి రోజు ఒక గంట ఆయన పక్కన కూర్చోవాలనే నియమం ఆయనే రాసుకున్నారు.

వచ్చే సీజన్‌కు ముందు ఆ అమ్మాయీ ఆయనా కలిసి ఒక పని పెట్టుకున్నారు. ఫోను తప్పుగా పలికే మాటలన్నీ ఒక పుస్తకంలో రాస్తున్నారు. రైతులందరూ ‘త్రీ ఫార్టీవన్’ అనే మిర్చి రకాన్ని అది ‘మూడు వందల నలభై ఒకటి’ అని చదువుతుంది, రైతుకు అది బస్తాల లెక్కలా వినిపిస్తుంది. క్వింటాలుకు వేసే పొట్టి గుర్తును అది వట్టి అక్షరంగా పలుకుతుంది. నిన్నటికి 64 మాటలు అయ్యాయి. ప్రతి మాటనూ అమ్మాయి ట్యాబ్‌లో పలికిస్తుంది, పెద్దసారు కళ్లు మూసుకొని వింటారు, రైతు చెవికి సరిగ్గా ఆనేదాకా అక్షరాలు మార్చి మళ్లీ పలికించమంటారు.